ముందు ఏం నడపాలో చెప్పండి

సోలారు పలకలు చెక్కపెట్టెల్లో వచ్చి, కువైత్‌లో దజీజ్ అనేచోట ఉన్న కంపెనీ గోడౌనులో దిగిన రోజున భీమేశ్వరరావు సంతోషించాడు. ఆ సంతోషం మధ్యాహ్నం భోజనాల దాకా కూడా నిలవలేదు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. భీమేశ్వరరావుది ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, కరెంటాఫీసులో కొన్నాళ్ళు టెంపరరీగా చేసి, అది ఎప్పటికీ పర్మనెంటు కాదని అర్థమయ్యాక కువైత్ వచ్చాడు. అబూ మిషాల్ అనే ఆయన కంపెనీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా కుదిరాడు. జనరేటర్లు, నీటి పంపులు, ఏసీలు అమ్మి బిగించే కంపెనీ అది. చేతిలో టెస్టరున్న ప్రతివాణ్ణీ అక్కడ మొహందిస్ అంటారు, అంటే ఇంజనీరని. పేరులో మొదటి ముక్క ఒక్కటే వాళ్ళ నోటికి పట్టింది కాబట్టి ఆయన అందరికీ 'మొహందిస్ భీమ్' అయిపోయాడు.

అర్బాబ్ చెడ్డవాడు కాదు. పనివాళ్ళందరూ యజమానిని అర్బాబ్ అనే పిలిచేవారు. మనిషి మీద చెయ్యెత్తడు, మాట తూలడు. కాకపోతే ఏ సంగతీ తేల్చడు. పొద్దున్న ఒకరి మాట, సాయంత్రం ఇంకొకరి మాట. ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే ఆయన మాట. అలాంటి యజమాని దగ్గర పనిచేయడం కంటే కోపిష్ఠివాడి దగ్గర పనిచేయడం నయమని భీమేశ్వరరావుకి అప్పుడప్పుడు అనిపించేది.

పలకల వెనక కథ ఇది. అర్బాబ్ తల్లి ఎడారిలో గుడారంలో పుట్టిన మనిషి. కొడుకు జహ్రా ఊళ్ళో మేడ కట్టాక కొన్నేళ్ళు అందులో ఉంది కానీ ఊపిరాడటం లేదంటూ, జహ్రా దాటి గంట ప్రయాణంలో ఉన్న తోటకి వెళ్ళిపోతానని పట్టుబట్టింది. తోటంటే నాలుగు ఖర్జూరం చెట్లు, గొర్రెల దొడ్డి, ఉప్పునీళ్ళ బావి, రెండు రేకుల గదులు. గవర్నమెంటు కరెంటు లైను అక్కడికి పోలేదు. జనరేటరు ఉంది కానీ దాని మోత ఆవిడకి పడదు. "తలలో కూచుని ఒంటె నములుతున్నట్టుంది" అనేది. తల్లి జనరేటరు ఆపించేస్తుంది, చీకట్లో ఉంటుంది, కొడుక్కి నిద్ర పట్టదు. ఆ వేసవిలో యూరప్ వెళ్ళినప్పుడు ఏదో ఎగ్జిబిషన్లో ఎండతో దీపం వెలిగే పలకలు చూశాడు. చప్పుడు లేదు. అక్కడికక్కడే కొనేశాడు. పలకలతో పాటు, బాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు కూడా ఇచ్చారు. బాటరీలు మాత్రం ఇవ్వలేదు.

"అవి ఇక్కడ దొరుకుతాయిలే అన్నాను. నువ్వు చూడు భీమ్" అన్నాడు అర్బాబ్, ఖర్జూరం గింజ ఊసి.

"ఎంత పెద్దవి కావాలండీ?"

"పెద్దవే. చాలా పెద్దవి."

"అలా కాదండీ. పలకలంటే పొలం. బాటరీ అంటే గాదె. తినే నోళ్ళు ఎన్నో తెలిస్తేనే గాదె ఎంతుండాలో చెప్పగలం. ముందు ఏం నడపాలో చెప్పండి."

వచ్చీరాని అరబ్బీలో, మధ్యలో హిందీ ముక్కలు కలిపి చెప్పాడు. అర్బాబ్ అర్థమైనట్టే తలాడించి, "అన్నీ" అన్నాడు.

మర్నాడు కాస్త తగ్గాడు. లైట్లు, ఒక పంకా, చిన్న ఫ్రిజ్జు, తొట్టిలోకి నీళ్ళు తోడే చిన్న పంపు. భీమేశ్వరరావు కూచుని లెక్క వేశాడు. దుమ్ము గాలి లేచినప్పుడు సూర్యుడు కనపడని రోజులుంటాయి కదా, వాటికీ చాలేట్టు చూశాడు. చూపిస్తే అర్బాబ్ ఎంతో సంతోషించాడు. ఆ సాయంత్రమే కబురు చేశాడు: "టీవీ మరిచిపోయాం. పిల్లలు వారానికోసారి వస్తారు. వీడియో కూడా." సరే, మళ్ళీ లెక్క. రెండ్రోజులాగి, "ఏసీ లేకుండా నా భార్య అక్కడ పూట కూడా ఉండదు" అన్నాడు.

"అర్బాబ్, తక్కినవన్నీ కలిపి ఎంత తింటాయో ఏసీ ఒక్కటే దానికి ఎన్నో రెట్లు తింటుందండీ."

"అయితే గాదె పెద్దది చెయ్యి. నువ్వే అన్నావు కదా."

"పొలం అంతే ఉంది కదండీ! పండే గింజలు అవే. గాదె ఎంత పెద్దది కట్టినా ఖాళీగానే ఉంటుంది."

"మరి పలకలు ఎందుకు తక్కువ తెచ్చావు?"

తెచ్చింది ఎవరు? భీమేశ్వరరావు నాలిక చివరి దాకా వచ్చిన మాటని మింగి, టీ తాగడానికి బయటికి వచ్చేశాడు.

టీ కొట్టు దగ్గర అన్వర్ బాషా తగిలాడు. కడప మనిషి, ఒక బాటరీల కంపెనీకి సేల్స్‌మన్. మెడలో టై, చంకలో రంగురంగుల బ్రోచర్లు. అవి చూస్తేనే భీమేశ్వరరావుకి బుర్ర వేడెక్కేది.

"అన్నా, నీకు కావాల్సింది ఇవే" అని ఒక బొమ్మ చూపించాడు బాషా. "టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో పెడ్తారు సూడు, ఆ రకం. ఒక్కో సెల్లు రెండు వోల్టులే. పన్నెండు వరసగా కలిపితే నీ ఇన్వర్టరుకి సరిపోతాది. రోజూ సగం దాకా వాడుకో, మళ్లా నింపుకో, ఏం గాదు. పదేండ్లు యాడికీ పోవు."

భీమేశ్వరరావు బొమ్మ కింద చిన్నక్షరాలు చదివాడు. "పదేళ్ళు అన్నది ఇరవై అయిదు డిగ్రీల చల్లటి గదిలో ఉంచితేనట."

"చిన్నక్షరాలు సదవకూడదన్నా. అవి సదివితే ఈ ప్రపంచంలో ఎవుడూ ఏమీ కొనలేడు."

"జూలైలో తోటలో రేకుల గది ఎంతుంటుందో తెలుసా బాషా? గుడ్డు ఉడుకుతుంది. అందులో పెడితే ఎన్నేళ్ళు?"

బాషా టై వదులు చేసుకున్నాడు. "రెండేండ్లు. కొంచెం జాస్తీ అనుకో. ఇంకా ఖరీదు రకం ఉండాది, నికెల్‌ది, ఎండకి లొంగదు. దాని రేటు చెప్తే మీ షేకు నన్ను కొడతాడు. నా మాట విని ఈ రకమే తీసుకొని గది చల్లగ ఉండేట్ల కట్టించు."

అమ్మేవాడి నోట ఇంత నిజం రావడం భీమేశ్వరరావుకి ఆ వారంలో దొరికిన ఒకే ఒక్క ఊరట. రెండు వోల్టుల సెల్లులు, మందపాటి గోడల గది అని రాసుకుని అర్బాబ్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అర్బాబ్ బావమరిది ముత్లక్ కాళ్ళు చాపుకుని కూచుని ఉన్నాడు.

ముత్లక్‌కి లారీల సామాన్ల దుకాణం ఉంది. డేగల వేట పిచ్చి ఉంది. అక్క ఉన్నంత కాలం బావ తన మాట కాదనడన్న ధీమా ఉంది.

"బాటరీలకి గదేమిటి?" అని నవ్వాడు. "నా దగ్గర లారీ బాటరీలు గుట్టగా ఉన్నాయి. రేపే పంపిస్తాను. బాటరీ అంటే బాటరీయే."

భీమేశ్వరరావు శాంతంగానే మొదలుపెట్టాడు. "లారీ బాటరీ పందెపుటెద్దు లాంటిదండీ. ఇంజన్ స్టార్టు చేయడానికి ఒక్క ఊపు ఊపుతుంది, ఆ తరవాత విశ్రాంతి. మనకి కావాల్సింది దుక్కిటెద్దు. పొద్దుగూకేదాకా మెల్లగా లాగాలి. పందెపుటెద్దుని దుక్కికి కడితే నాలుగు చాళ్ళకి చతికిలబడుతుంది."

దుక్కిటెద్దుకి అరబ్బీ ఏమిటో ఆయనకి తెలియదు. ఆవు మొగుడు, పొలం పని అని చేతులతో అభినయించాడు. ముత్లక్ పడీపడీ నవ్వాడు. అర్బాబ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుల మధ్య ఆఖరున మాట్లాడినవాడు ముత్లక్. అంతటితో ఖలాస్.

లారీ బాటరీలు వచ్చాయి. భీమేశ్వరరావు చెయ్యననలేదు. అనగలిగే స్థితి ఆయనది కాదు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం ఆ కంపెనీ మీదే ఉంది, దానికి పూచీ పడ్డ కఫీల్ ఆ అర్బాబే. తోటకి వెళ్ళి రేకుల గదిలో బాటరీలు వరసగా పేర్చి, తీగలు బిగించి, లైట్లు వెలిగించాడు. ఏసీ పెట్టనని మాత్రం మొండికేశాడు. ఆ ఒక్కదానికీ అర్బాబ్ ఊరుకున్నాడు, ఎలాగూ భార్య తోటకి రానంది కాబట్టి.

ముసలావిడని చూసుకోవడానికి జహ్రా ఇంట్లో పనిచేసే సూరాయమ్మని పంపారు. రాజోలు వైపు మనిషి, యాభైకి దగ్గర్లో ఉంటుంది. మామా, అంటే ఇంటి యజమానురాలు, చెప్పిందని పెట్టె సర్దుకుని వచ్చింది కానీ ఎడారిలో కాలు పెట్టిన దగ్గర్నుంచీ సణుగుతూనే ఉంది.

"ఈ గాజుసీసాలో నీళ్ళు ఎందుకండీ రావుగారూ?"

"డిస్టిల్డ్ వాటరక్కా. బాటరీల్లో నీళ్ళు తగ్గితే ఇవే పొయ్యాలి. బావినీళ్ళు చుక్క కూడా తగలకూడదు."

"ఆయ్. అంటే ఆటికి మంచినీళ్ళండి, మాకు ఉప్పునీళ్ళండి."

శీతకాలం బాగానే గడిచింది. అర్బాబ్ స్నేహితులందర్నీ తోటకి తీసుకెళ్ళి చప్పుడు లేని కరెంటు చూపించాడు. ముత్లక్ భీమేశ్వరరావుని ఎక్కడ చూసినా "ఆవు మొగుడు ఎలా ఉన్నాడు?" అని పలకరించేవాడు. భీమేశ్వరరావు పళ్ళు కొరుక్కునేవాడు. బాటరీలు పాడవాలని మనసులో కోరుకుంటున్నానని గ్రహించి, తన మీద తనకే విసుగొచ్చింది.

ఎండలు ముదిరేసరికి కోరిక నెరవేరింది. ఇంటి డ్రైవరు దొరబాబు గోడౌనుకి వచ్చాడు. "రావుగారండీ, తోటలో లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయంట. బాటరీలు ఉబ్బి పొట్టలొచ్చేసినాయండి. మళ్ళీ జనరేటరు ఏసేరు. ముసలామె అన్నం మానేసి కూచుంది. మిమ్మల్ని అర్బాబ్ రమ్మన్నాడు."

అర్బాబ్ మొహం వాడిపోయి ఉంది. పక్కన ముత్లక్ లేడు. "భీమ్, ఏం బాటరీలు ఎంచావు నువ్వు? నా తల్లి అన్నం ముట్టడం లేదు."

భీమేశ్వరరావుకి ఎనిమిది నెలలుగా గొంతులో ఆగిన మాటలన్నీ ఒక్కసారి ఎగదన్నుకొచ్చాయి. "నేను ఎంచానా? నేనెంచినవి కాగితం మీదే ఉన్నాయి! మీ బావమరిది ఎంచాడు, మీరు నవ్వారు. ఒకరోజు లైట్లంటారు, ఒకరోజు ఏసీ అంటారు. ఎవరు ఏం చెబితే అదే. నన్ను అడగడమెందుకు, నా మాట వినకపోవడమెందుకు? నన్ను పంపించేయదలుచుకుంటే పంపించేయండి, ఇంటికి పోతాను!"

సగం తెలుగులోనే అరిచాడు. బయట గుమస్తాలు రాయడం ఆపి వింటున్నారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.  ఇల్లు, పిల్లల చదువు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అయిపోయింది, రేపే విమానం అనుకున్నాడు.

అర్బాబ్ జపమాల ఒక చుట్టు తిప్పాడు. ఆఖరికి తలెత్తి, "మరి ఇప్పుడు ఎన్ని బాటరీలు కావాలి?" అన్నాడు.

భీమేశ్వరరావుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "తోటకి వెళ్ళి చూసి చెబుతాను. అక్కడ నిజంగా ఏం నడుస్తోందో నా కళ్ళతో చూస్తాను. అప్పటిదాకా మీరు ఎవరినీ అడగొద్దు."

"అడగను" అన్నాడు అర్బాబ్, చిన్నపిల్లాడిలా.

మర్నాడు పొద్దున్నే దొరబాబు బండిలో తోటకి వెళ్ళాడు. ఖర్జూరం చెట్ల కింద ముసలావిడ చాప మీద కూచుని, జనరేటరు వైపు వీపు పెట్టి, ముసుగులోంచి ఒక్కసారి ఆయన్ని చూసి మొహం తిప్పేసుకుంది. సూరాయమ్మ ఎదురొచ్చింది. ఆవిడ ఒక్కొక్కటే చూపించింది. లైట్లు, పంకా, ఫ్రిజ్జు, పంపు. టీవీ వారానికోసారే. ఇస్త్రీపెట్టె ఉందా అని గుచ్చి గుచ్చి అడిగాడు. లేదంది. అన్నీ కలిపి చూస్తే, లారీ బాటరీలయినా సరే, ఇంత తొందరగా చావకూడదు. లెక్క ఎక్కడో తప్పుతోంది.

"జనరేటరు ఓసారి ఆపు అక్కా" అన్నాడు. బాటరీల్లో మిగిలిన ఊపిరితోనే లైను నడవనిచ్చి, ఏదైనా తెలుస్తుందేమోనని గదుల చుట్టూ తిరిగాడు. జనరేటరు ఆగగానే ముసలావిడ ఇటు తిరిగి కూచుంది. ఆ నిశ్శబ్దంలో గొర్రెల దొడ్డి వెనక నుంచి సన్నగా ఒక గొణుగుడు వినిపించింది. అక్కడ గడ్డిమోపుల చాటున ఒక చిన్న రేకుల కొట్టు. తలుపు తీస్తే లోపల మనిషి పట్టేంత డీప్ ఫ్రీజరు. మూత ఎత్తాడు. గడ్డకట్టిన పిట్టలు. పావురాలు, కౌజులు, ఈకలతో సహా, సంచుల నిండా.

"ఇదేంటక్కా?"

"ఆ పిట్టలాండీ? ముత్లక్ బాబుగారి డేగల తిండండి" అంది సూరాయమ్మ, వెనకనుంచి తొంగి చూస్తూ. "ఆళ్ళింట్లో మామా ఆ వాసన భరించలేనందంట. మీరు లైన్లు ఏసెళ్ళిన మర్నాడే తెచ్చి పెట్టేరు. తీగ కూడా ఆళ్ళ మనిషే లాగేడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలీదని నాకేం తెలుసండీ? మీరంతా పెద్దోళ్ళు, మాట్టాడుకునే పెట్టుంటారనుకున్నాను. మీరు మళ్ళీ ఈ దిక్కుకి వస్తే కదండీ చెప్పడానికి!"

అది నిజమే. లైట్లు వెలిగించి వెళ్ళినవాడు మళ్ళీ తోట మొహం చూడలేదు. కోపం మీద చూడలేదు. బాటరీ రకం మీద అంత గింజుకున్నాడు గానీ, తాను చెప్పిన మంచి సెల్లులే పెట్టి ఉన్నా రేకుల కొట్టులో, ఆ ఎండలో, రేయింబవళ్ళు తిరిగే ఆ ఫ్రీజరు వాటినీ పిండేసేది. ఫ్రీజరు మూత దభీమని వేశాడు. లోపల పిట్టలు గలగలమన్నాయి.

ఆ సాయంత్రం జహ్రా ఇంట్లో చెబితే అర్బాబ్ మొహంలో రంగులు మారాయి. ఫ్రీజరు తీసేయమని బావమరిదికి చెప్పాలి. చెబితే భార్య అలుగుతుంది. చెప్పకపోతే తల్లి అలుగుతుంది. "ఫ్రీజరుకి కూడా చాలేట్టు బాటరీలు పెంచితే?" అన్నాడు దీనంగా.

"పొలం..." అని మొదలుపెట్టి భీమేశ్వరరావు ఆపేశాడు. గాదె కథ మళ్ళీ చెప్పే ఓపిక లేదు. దారిలో ఆలోచించుకొచ్చిందే చెప్పాడు. "ఫ్రీజరు అక్కడే ఉండనివ్వండి. సోలారు లైనులోంచి తీసేస్తాను. జనరేటరుని దొడ్డికి అవతల, గాలివాలు చూసి, గుంట తవ్వి చుట్టూ మట్టిగట్టు వేసి పెడదాం. రోజుకి కొన్ని గంటలు పగటిపూట తిప్పితే చాలు, ఫ్రీజరు గడ్డకట్టి ఉంటుంది. దాని డీజిలు ముత్లక్ గారే పోయించుకుంటారు. ఎవరికీ ఏమీ కాదనక్కర్లేదు."

అర్బాబ్ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. ఎవరికీ కాదని చెప్పనక్కర్లేదన్న ఆ ఒక్క ముక్కే ఆయన్ని నిలబెట్టింది.

ఇక ఎంపిక మిగిలింది. ఏం నడుస్తోందో తెలిశాక అది ఎంత సులువైందో తలుచుకుంటే భీమేశ్వరరావుకి మరింత ఉక్రోషం వచ్చింది. రెండు వోల్టుల సెల్లులు పన్నెండు, ఒకే వరస. పోయినేడాది టీవీ అనీ ఏసీ అనీ ఎగబడి వేసిన లెక్కల్లో ఏదీ ఇంత చిన్నది కాదు. దుమ్ముగాలి రోజులకి కాస్త ఎక్కువ పట్టే సైజు చెప్పాడు. అన్వర్ బాషా ఈసారి బ్రోచర్లు తీయలేదు.

"అన్నా, పెద్ద సైజు తీసుకుంటే నాకు కమీషన్ జాస్తీ. అయినా చెప్తాండా, నువ్వు చెప్పిందే కరెక్టు. పలకలు నింపలేనంత పెద్దది పెడితే ఎప్పుడూ సగం ఆకలితో ఉండి చెడిపోతాది."

"ఈ మాట పోయినేడాది అర్బాబ్ ముందు చెప్పుంటే?"

"పోయినేడాది నన్నెవురు పిలిచినారన్నా?"

గది కూడా కట్టారు. అర్బాబ్ ఎవరినీ అడగకుండా ఊఁ అన్నాడు. నేలలోకి నడుం లోతు తవ్వి, మందపాటి గోడలు లేపి, పైన రెండు వరసల కప్పు వేసి, మధ్యలో గాలి ఆడనిచ్చారు. కింద ఒక గవాక్షం, పైన ఒక గవాక్షం. సెల్లులు ఛార్జి అయ్యేటప్పుడు మండే గాలి పుడుతుంది, అది పైకి పోవాలి కదా. తెల్లటి సెల్లులు చెక్క బల్ల మీద బారుగా నిలబెట్టి, కలిపి, స్విచ్చి వేశాక భీమేశ్వరరావు రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. సూరాయమ్మకి ఏ గీత దాకా నీళ్ళు ఉండాలో, ఎలా పొయ్యాలో నేర్పాడు. యాసిడ్ చుక్క పడి ఆవిడ చీరకి చిల్లు పడింది. "బాటరీలకి బంగళా కట్టేరు, నాకు చీర కొనరేటండీ?" అంది. కొనిపిస్తానన్నాడు. కొనిపించాడు కూడా.

తరవాత నెల తిరగకుండానే దొరబాబు మళ్ళీ వచ్చాడు. అతన్ని చూడగానే భీమేశ్వరరావు చేతిలో పని వదిలేసి లేచాడు. "లైట్లు పోయాయా?"

"లేదండి, బ్రహ్మాండంగా ఉన్నాయండి. కానీ మీరోసారి రావాలంట. సూరాయమ్మగారు భయపడతంది."

తోటకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఖర్జూరం చెట్ల కింద చాప లేదు. ముసలావిడ లేదు. బాటరీల గది తలుపు ఓరగా తీసి ఉంది. మెట్లు దిగి చూస్తే, సెల్లుల బల్ల పక్కన చాప, చాప మీద దిండు, దిండు మీద మోచెయ్యి ఆనించి ముసలావిడ, ఆవిడ ఒళ్ళో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. చేతికందే దూరంలో మట్టి ధూపం గిన్నె. అందులో బొగ్గులు.

 భీమేశ్వరరావు ఒక్క దూకు దూకి గిన్నె ఎత్తుకుని మెట్లెక్కి ఇసకలో బోర్లించాడు. అదృష్టం, బొగ్గు ఇంకా అంటించలేదు. మళ్ళీ దిగి వచ్చి, చేతులు జోడించి, "యుమ్మా, ఇక్కడ వద్దు. నిప్పు తగిలితే పేలుతుంది. యాసిడ్ వాసన. ఊపిరికి మంచిది కాదు" అన్నాడు. ఇంట్లో అందరూ ఆవిడని యుమ్మా అనే పిలుస్తారు, అమ్మ అని.

"నేను చెప్పేనండి, ఇంటేనా?" అంది తలుపు దగ్గర నిలబడ్డ సూరాయమ్మ. "వారం రోజులబట్టీ పగలంతా ఇక్కడే. నేనెల్లి గిన్నె దాచేత్తే, కొత్తది తెప్పించుకుంది."

ముసలావిడ ఏమీ కంగారుపడలేదు. గొర్రెపిల్ల చెవి నిమురుతూ, నెమ్మదిగా, ప్రతి ముక్కా అర్థమయ్యేట్టు అంది: "ఈ తోట అంతటిలో చల్లటి చోటు ఇదొక్కటే. నా కొడుకు ఈ డబ్బాలకి కట్టించాడు. నాకు రేకులు. ఎవరు చెప్పారు వాడికి, ఇలా కట్టాలని?"

"నేనే యుమ్మా."

"అయితే ఇంకొకటి కట్టు. ఇందులో ఇవి ఉంటాయి. అందులో నేనుంటాను."

"నేను కరెంటు పనివాణ్ణి యుమ్మా. మేస్త్రీని కాను. అర్బాబ్‌ని అడగాలి..."

"వాణ్ణి అడిగితే వచ్చే ఏడు కూడా తేలదు" అంది ఆవిడ, కొడుకు సంగతి అందరికంటే ముందే తెలిసిన మనిషిలాగా. గొర్రెపిల్లని సూరాయమ్మ చేతిలో పెట్టి, గోడ పట్టుకుని లేచి, ఒక్కో మెట్టూ ఎక్కి బయటికొచ్చింది. ఎండలో నాలుగడుగులు నడిచింది. చేతికర్రతో ఇసకలో ఒక గీత గీసింది. దానికి అడ్డంగా ఇంకొకటి. "తలుపు ఇటు. పొద్దు పొడిచే వైపు. మంచం పట్టాలి, ఈమెకీ ఒక మంచం పట్టాలి. కిటికీ వద్దు, ఇలాంటి కన్నాలే చాలు. ఒక దీపం. అంతే."

"పంకా యుమ్మా?"

"ఇది చల్లగా ఉంటే పంకా ఎందుకు?"

భీమేశ్వరరావు ఎండలో నిలబడి ఆ గీతల వైపు చూశాడు. తల మాడుతోంది. రేపు అర్బాబ్‌కి ఇది చెప్పాలి, ఆయన ఎవరినో అడుగుతానంటాడు, సిమెంటు ఎవరు తేవాలి, మేస్త్రీలు ఎక్కడ దొరుకుతారు, గోడౌనులో పెండింగు పనులు ఏమవుతాయి. అవన్నీ తలుచుకుంటే మళ్ళీ చిరాకు ముంచుకొచ్చింది. అయినా ఇంత కాలానికి ఒక మనిషి తనకేం కావాలో నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ మాట మీద కర్ర పాతి నిలబడింది. ఆ ముసలావిడ మీద ఆయనకి కోపం రాలేదు.

"దొరబాబూ" అని కేకేశాడు. "బండిలో టేపుంటే పట్రా. ఈ గీతలు గాలికి చెరిగిపోయేలోగా కొలతలు తీసుకుందాం."